జింకని అడవిలోంచి రోడ్డు దాకా తేవడానికి ఏది కొనాలి: తాడా, స్లెడ్డా, రెండు చక్రాల బండా?

గాజువాక రిటైర్డు:

అందరికీ నమస్కారం. ముందే చెప్పీస్తున్నాను, ఇది మన దగ్గర సంగతి కాదు, నేనేదో కంబాలకొండ దుప్పుల మీద కన్నేసానని కంగారు పడకండి. మా అబ్బాయి అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు, గ్రీన్‌బే నుంచి పైకి రెండు గంటలు పోవాలి, అంతా అడవే. ఆఫీసులో పక్క సీటాయన వీడికి వేట అలవాటు చేసాడు. అక్కడ 1973లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట క్లాసు పాసైతేనే లైసెన్సు ఇస్తారంట, అదీ పాసయ్యాడు. ఆ పక్క సీటాయనకి తెలిసిన ముసలాయన ఒకాయన సొంత అడవిలోకి వీళ్ళని రానిస్తాడు.

పోయినేడాది మావాడు ఒక మగ జింకని కొట్టాడు. కొట్టడం అయిపోయింది, అసలు తమాషా తర్వాత. కారు పెట్టిన చోటికి కిలోమీటరుంపావు, మధ్యలో ఎండిపోయిన వాగులాగ ఒక పల్లం, అందులోకి దిగి మళ్ళీ ఎక్కాలి, తోడు రావల్సినవాడు ఆ రోజు రాలేదు, వీడి చేతిలో బట్టలారేసుకునే తాడు లాంటి సన్నటి నైలాన్ తాడు ఒకటి. నాలుగు గంటలు లాగేడంట, అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోద్ది, టార్చి నోట్లో పెట్టుకుని లాగేడంట. అరచేతులు రెండూ కోసుకుపోయాయి, నడుం పట్టీసి వారం రోజులు మంచం దిగలేదు. వాళ్ళమ్మకి మాత్రం ఫ్రిజ్ జరిపితే పట్టీసింది అని చెప్పాడు.

ఈ నవంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. కార్తీక మాసంలో ఈ వేటలేంట్రా అని మా ఆవిడ ఫోన్లో గొడవ, అమావాస్య 20న, పోలి పాడ్యమి 21న, వేట సీజను మొదలయ్యేది 22న కదమ్మా అని వాడు. తీరా చూస్తే 22 శనివారం. మళ్ళీ గొడవ. అది వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు.

నా సర్వీసంతా స్టీల్ ప్లాంటులో క్రేన్ల దగ్గర రిగ్గింగు పనే. టన్నుల బరువు ఎక్కడ పట్టుకుని ఎత్తాలో నాకు తెలుసు గానీ మంచులో, ఆకుల్లో, మోడుల మధ్యలో 70 కిలోలు లాగడం తెలీదు. వాడికి ఏదైనా మంచి సరంజామా కొనిపెడదామని నా కోరిక. అక్కడ దొరికేవి చూస్తే భుజానికి వేసుకుని లాగే పట్టీ, నేల మీద లాగే తొట్టి లాంటి ప్లాస్టిక్ స్లెడ్డు, రెండు చక్రాల మడత బండి, ఇంకా ఏటీవీలు, అంటే అడవి దారుల్లో తిరిగే చిన్న మోటారు బండ్లు. ఏటీవీ మన తాహతు కాదు. 150 డాలర్లు దాకా పెట్టగలను. లేదంటే మన ఆటోనగర్లోనే బండి చేయించి తీసుకెళ్ళిపోదునా అని కూడా ఆలోచన. నేనూ ఒక చెయ్యి వేస్తాను, 62 ఏళ్ళు గానీ మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సీతమ్మధార సుబ్బు:

బాబాయ్ గారూ మీరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే టైటిల్ చూసి నేను స్క్రీన్‌షాట్ తీసి ఫారెస్టు వాళ్ళకి పంపేవాడినే. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం, దుప్పి అయినా కణితి (సాంబార్ జింక) అయినా చంపితే జైలే, మాంసం ఇంట్లో దొరికినా అంతే. ఒక్క మాట, అబ్బాయి ముచ్చటపడి కొమ్ములు ఇస్తే మాత్రం పెట్టెలో పెట్టుకుని రావొద్దు, ఇక్కడ దిగాక అవి అమెరికావా అరకువా అని నిరూపించుకునే పని మీ మీద పడుతుంది. గోడకి తగిలించుకోవాలంటే వాడి గోడకే తగిలించుకోమనండి.

ఎంవీపీ రిటర్నీ:

రావు గారూ (రావు గారేనా? ఏదో ఒకటి) నేను పదకొండేళ్ళు మిన్నెసోటాలో ఉండి వచ్చేసా, మీవాడి పక్క రాష్ట్రమే, అందులో ఆరు సీజన్లు వేటకెళ్ళా. నేను కొన్న తప్పుడు సామాన్లన్నీ చెప్తా, మీకు డబ్బులు మిగుల్తాయి.

ముందు బరువు సంగతి. అక్కడి తెల్లతోక జింక మగది బాగా ఎదిగినదైతే బతికున్నప్పుడు సుమారు 70 నుంచి 90 కిలోలు ఉంటుంది, ఆడది ఇంకా తక్కువ. పడిన చోటే పొట్ట కోసి పేగులూ అవీ తీసేస్తే అందులో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దిగిపోతుంది. కాబట్టి ఫస్టు సరంజామా కత్తి. తియ్యకుండా లాగేవాళ్ళు కూడా ఉంటారు, మట్టి అంటకుండా ఉంటుందని, కానీ ఒంటరిగా ఉన్నోడు ఆ పదిహేను కిలోలు ఎందుకు మోయాలి చెప్పండి. పైగా ఒంట్లో వేడి త్వరగా పోవాలి, అది పోకపోతే మాంసం పాడు.

ఇక తాడు. తాడుతో లాగితే ఎప్పుడూ తల ముందుండేలా లాగాలి, వెనక కాళ్ళు పట్టుకుని లాగితే వెంట్రుకలు ఎదురు తిరిగి బ్రష్షులాగా నేలని పట్టేస్తాయి, మీవాడు అలా లాగాడేమో అడగండి, నాలుగు గంటలు అన్నారు కాబట్టి నాకు అనుమానం. ముందు కాళ్ళు రెండూ పైకి తెచ్చి మెడ పక్కన కొమ్ములకి కట్టేస్తే ప్రతి పొదకీ తగులుకోవు. మూతి చుట్టూ ఒక చుట్టు వేస్తే తల తిన్నగా వస్తుంది. తాడు పొట్టిగా ఉండాలి, పొట్టిగా ఉంటే లాగినప్పుడు తలా భుజాలూ నేల మీంచి కాస్త లేస్తాయి, ఆ కాస్తే మనకి సగం బలం. చేత్తో పట్టుకోకూడదు, ఒక కర్ర ముక్కకి చుట్టి రెండు చేతుల్తో పట్టుకోవాలి, లేదా భుజం పట్టీ, అది 20 డాలర్ల లోపే, కొనేయండి, ఏది కొన్నా ఇది ఎలాగూ పనికొస్తుంది.

స్లెడ్డు అంటే తొట్టిలా ఉండే దళసరి ప్లాస్టిక్కు, ఎడ్లూ చక్రాలూ లేని బండి అనుకోండి. మంచు ఉంటే దానికి తిరుగులేదు, ఎండాకుల మీద కూడా బాగానే జారుతుంది. నాలుగున్నర అడుగుల పొడవుది చాలు, కాళ్ళు మడిచి కట్టేయాలి లేకపోతే బయటికి వేలాడి చెట్లకి తగుల్తాయి. దానితో తంటా ఏంటంటే దిగుడులో అది మీకంటే ఫాస్టు. నా మొదటి సీజన్లో పల్లంలోకి దిగుతుంటే వెనకనుంచి వచ్చి నా మడమల మీద కొట్టింది, నేను జింక మీద, జింక నా మీద, ఇద్దరం కలిసి వాగు అడుక్కి. అందుకే వెనక కూడా ఒక తాడు కట్టి రెండోవాడు పట్టుకోవాలి, ఒక్కడే ఉంటే ఆ తాడుని చెట్టుకి ఒక చుట్టు తిప్పి మెల్లగా వదలాలి, మీరు క్రేన్ల మనిషి, మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండు చక్రాల బండి నేను కొన్నా, రెండుసార్లు వాడా, అమ్మేసా. బాట ఉంటే, నేల గట్టిగా ఉంటే అది రాజభోగం, కిలోమీటరు నడక లెక్కే కాదు. కానీ బాట లేని అడవిలో పడిపోయిన మానులు ఉంటాయి చూడండి, ప్రతిదాని దగ్గరా ఆగి బండినీ జింకనీ కలిపి ఎత్తాలి. మంచు మోకాలి లోతు పడితే చక్రం దిగబడిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, అక్కడ నేషనల్ ఫారెస్టుల్లో వైల్డర్‌నెస్ అని ప్రకటించిన భాగాలు ఉంటాయి, 1964 చట్టం, వాటిలో మోటారే కాదు, చక్రం ఉన్న ఏ బండీ తీసుకెళ్ళకూడదు, ఈ తోపుడు బండి కూడా. మీవాడిది సొంతదారుడి అడవి కాబట్టి ఆ బెడద లేదు, రేపు వేరే చోటికి వెళ్తే గుర్తుంచుకోమనండి.

ముక్కలు చేసి వీపు మీద మోసుకురావడం అని ఇంకో పద్ధతి ఉంది, కొండల రాష్ట్రాల్లో అదే చేస్తారు, కానీ ఎన్ని ముక్కలు చెయ్యొచ్చు, తల ఉంచాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, రూలు చదువుకోకుండా చేస్తే ఫైను. విస్కాన్సిన్‌లో జింక చేతికొచ్చిన మర్నాడు సాయంత్రం 5 లోపు రిజిస్టరు చెయ్యాలి, ఫోన్లోనే అయిపోతుంది, అలసిపోయి పడుకుని మర్చిపోకూడదు.

అన్నట్టు ఆ ముసలాయనకి ట్రాక్టరో ఏటీవీయో ఉందా? ఎవరూ అడగరు ఈ ప్రశ్న.

ఆటోనగర్ వెల్డింగు:

సార్ నేను ఆటోనగర్లో ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకుని బతుకుతున్నా, కాబట్టి నేను వద్దంటే నమ్మండి, పని పోయేది నాకే. బండి చేసిస్తా, రెండు రోజుల పని, అంగుళం జీఐ పైపు ఫ్రేము, కింద ఇరుసు, రెండు చక్రాలు. కానీ మంచి బలంగా చేస్తే 18, 20 కిలోలు తూగుద్ది, విమానంలో ఒక పెట్టె 23 కిలోలే, అంటే మీ ఆవిడ గారి ఆవకాయ, కందిపొడి, మీ స్వెట్టర్లు అన్నీ గాల్లో కలిసినట్టే. దాని బదులు అక్కడే కొనుక్కోండి.

కొంటే మాత్రం చూడాల్సినవి చెప్తా. చక్రం పెద్దది ఉండాలి, పిల్లల సైకిలు చక్రం సైజు కన్నా తగ్గకూడదు, చిన్న చక్రం వేరు అడ్డం వస్తే అక్కడే ఆగిపోద్ది, పెద్దది ఎక్కేస్తుంది. సైకిలు చువ్వల చక్రం నిలువు బరువుకి బానే తట్టుకుంటాది గానీ పక్కకి వాలినప్పుడు ఎనిమిది ఆకారంలో వంగిపోద్ది, అడవిలో బండి వాలకుండా ఎందుకుంటాది. కాబట్టి చువ్వలు దళసరిగా ఉన్నాయా చూడండి. టైరు గాలిదైతే మెత్తగా పోద్ది గానీ ముల్లు గుచ్చుకుంటే మీ పని అయిపోయింది, గాలి లేని సాలిడ్ టైరు మేలు. ఇరుసు బరువు కిందకి సరిగ్గా రావాలి, ముందుకి ఉంటే మీ చేతులు మోస్తాయి, వెనక్కి ఉంటే పిడి గాల్లోకి లేస్తాది. మనం తోపుడు బండి మీద అరటి గెలలు ఎలా సర్దుతామో అలాగే. మడత పెట్టే చోట పిన్ను ఉంటాది, ఆ పిన్ను ఒకటి పడిపోతే మొత్తం బండి ఇనప సామానే, రెండు పిన్నులు జేబులో ఎక్స్‌ట్రా వేసుకోమనండి. మూడొందల పౌండ్లు మోస్తాది అయిదొందలు మోస్తాది అని రాస్తారు, అది చదునైన నేల మీద నిలబెట్టి చెప్పే మాట, నేనూ అలాగే చెప్తా కస్టమర్లకి.

పాడేరు దారి:

బాబాయ్, మాది హుకుంపేట అవతల, ఇప్పుడు ఉద్యోగం కోసం మద్దిలపాలెంలో ఉంటున్నా. సినిమాల్లో చూపిస్తారు కదా కర్రకి కాళ్ళు కట్టి ఇద్దరు భుజాల మీద మోసుకురావడం, దాని గురించి చెప్దామని రాస్తున్నా, ఎవరూ రాయలేదు.

మా ఊళ్ళకి రోడ్డు లేక డోలీ కట్టి మనుషుల్ని మోసినోళ్ళం, నేను కూడా మోసాను, మా పిన్నిని పురిటికి. కాబట్టి కర్ర మీద బరువు ఎలా ఉంటుందో మాకు తెలుసు. కాళ్ళకి మాత్రమే కట్టి వేలాడదీస్తే అడుగడుక్కీ ఊగుద్ది, ఇటు ఊగినప్పుడు ముందోడు, అటు ఊగినప్పుడు వెనకోడు తూలుతాడు, వంద అడుగులు వేసేసరికి భుజం కాదు మెడ పోద్ది. మేము డోలీకి దుప్పటిని కర్రకి దగ్గరగా బిగించి కడతాం, కిందకి వదలం, అయినా దిగుడులో బరువంతా ముందోడి మీదే పడుద్ది, అందుకే పొడుగోడిని దిగుడులో ముందు పెడతాం ఎక్కుడులో వెనక్కి మారుస్తాం, మార్చడానికి నలుగురైదుగురు పక్కన నడుస్తారు. మీరు ఇద్దరే, అందులో మీరు ఒకరు. వద్దు బాబాయ్. కాఫీ బస్తాలు దించడానికి కూడా మేము ఇద్దరం ఒక కర్ర ఎత్తుకోం, ఎవడిది వాడు కావడి వేసుకుంటాడు, లేదా వీపున.

ఇంకోటి, కొమ్ములున్న జింక భుజం ఎత్తులో పొదల మధ్య కదుల్తూ ఉంటే చుట్టుపక్కల తుపాకులు పట్టుకున్నోళ్ళు ఎంతమంది ఉంటారు? దూరం నుంచి చూసినోడికి మీరు కనపడరు, కొమ్ములే కనపడతాయి. నేల మీద లాగినా సరే పైన ఏదైనా ఎర్రటి గుడ్డో నారింజ గుడ్డో కప్పండి.

ఎంవీపీ రిటర్నీ:

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్లో నడుం పైన వేసుకునే బట్టల్లో సగం కన్నా తక్కువ కాకుండా మెరిసే నారింజ రంగు ఉండాలి, టోపీ పెడితే ఆ టోపీలో కూడా సగం. 2016 నుంచి మెరిసే గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు. బాబాయ్ గారూ మీరు తుపాకీ పట్టకపోయినా తొడుక్కోండి. అలాంటి నారింజ గుడ్డ ఇంకోటి కొని జింక మీద కప్పండి, అయిదు డాలర్లు. ఎర్ర గుడ్డ కన్నా నారింజే నయం, సాయంత్రం వెలుతురులో ఎరుపు నల్లగా కనపడుతుంది.

గాజువాక రిటైర్డు:

అమ్మో ఇంత కథ ఉందా. అందరికీ ధన్యవాదాలు. డోలీ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను బాబూ, పిన్ని బాగుందా? ఆటోనగర్ తమ్ముడూ నీ నిజాయితీకి దండం, నా గేటు రిపేరు పని నీకే.

వెనక కాళ్ళు పట్టుకుని లాగావా అని మావాడిని అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అప్పుడు అలా తోచింది నాన్నా" అన్నాడు. సరే.

ఇప్పుడు నాకు స్లెడ్డా బండా అన్నది తేలాలి. ఆదివారం మా తోడల్లుడి జీడి తోటకి వెళ్తున్నాను, ఆనందపురం దగ్గర, చిన్న ఎత్తూ పల్లం కూడా ఉంది, అక్కడ ఒక ట్రయలు వేసి చెప్తాను.

పెదవాల్తేరు ఫిజియో:

అంకుల్, ట్రయలు వెయ్యండి గానీ లాగేది మీరు కాకుండా చూడండి. గిరి ప్రదక్షిణ నడిచారు, సంతోషం, కానీ నడక వేరు ఇది వేరు. నడకలో గుండె నెమ్మదిగా పుంజుకుని అలాగే ఉంటుంది. ఇక్కడ గంటల తరబడి చలిలో కదలకుండా కూర్చుని, ఒక్కసారిగా లేచి, ఊపిరి బిగబట్టి 60, 70 కిలోలు గుంజుతారు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ ముందే పెరిగి ఉంటుంది. అక్కడ డాక్టర్లు ఈ లాగుడు గురించి కూడా హెచ్చరిస్తారు. మీకు బీపీ మాత్రలు ఉన్నాయా, స్టెంటు ఏమైనా పడిందా ఇక్కడ చెప్పక్కర్లేదు, మీ డాక్టరుకి మాత్రం వెళ్ళేలోపు చెప్పండి.

మీ అబ్బాయికి కూడా ఒక మాట. చేతుల్తో లాగితే వీపు కింద భాగం మీద పడుతుంది, నడుం దగ్గరా భుజాల మీదా పట్టీ ఉంటే తొడలు పనిచేస్తాయి. మన జాలరిపేట ఒడ్డున వల లాగేవాళ్ళని చూడండి, తాడుకి ఒంటిని వాల్చేసి కాళ్ళతో నడుస్తారు, చేతుల్తో గుంజేవాడు ఒక్కడూ ఉండడు. యాభై అడుగులు, ఒక నిమిషం ఆగడం, మళ్ళీ యాభై. చెమట పట్టేలోపే పైకోటు విప్పేయాలి, తడిసిన బట్టలతో ఆగితే చలి పట్టేస్తుంది.

గాజువాక రిటైర్డు:

ట్రయలు అయింది. పావుకేజీ పకోడీ, అరకేజీ అవమానం.

25 కిలోల బియ్యం బస్తాలు మూడు, మొత్తం 75, పొడుగ్గా ఒక గోనెలో కట్టి జింక అనుకున్నాం. తాడు మధ్యలో పాత సామాన్లు తూచే వేలాడే కాటా తగిలించాను, ఎంత బలం పడుతుందో చూద్దామని, ఉద్యోగం పోయినా బుద్ధి పోలేదు. ఫిజియో అమ్మాయి చెప్పినట్టు నేను లాగలేదు, తోడల్లుడి కొడుకు చేత లాగించాను, వాడు జిమ్ముకి వెళ్తాడు.

మొదట గోనెని ఉత్త నేల మీద. కాటా 40 చుట్టూ ఆడింది. అరవై అడుగులు వేసి జిమ్ము కుర్రోడు కూర్చుండిపోయాడు. అప్పుడే పక్క తోట కాపలావాడు గట్టు మీంచి తొంగి చూసి ఏటండీ అది అని అరిచాడు, మనిషంత పొడుగు గోనె, దానికి తాడు, ముగ్గురు మగాళ్ళు, వాడి అనుమానం వాడిది. బియ్యం చూపించేదాకా కదల్లేదు.

తర్వాత స్లెడ్డు. స్లెడ్డు ఎక్కడిది, నీళ్ళకి పెట్టుకునే నీలం ప్లాస్టిక్కు డ్రమ్ము పాతదుంటే నిలువుగా కోసీసాం. జీడాకుల మీద కాటా 22కి దిగిపోయింది. అదే బరువు, అదే మనిషి, దాదాపు సగం. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ 35. ఇది లెక్కకి సరిపోయింది, ఆ ఎత్తు పది డిగ్రీలు ఉంటుంది, పది డిగ్రీలంటే 75 కిలోల్లో 13 కిలోలు అచ్చంగా పైకి ఎత్తుతున్నట్టే, దానికి స్లెడ్డయినా చక్రమయినా తాడయినా ఏదీ సాయం చెయ్యదు. అంటే మావాడు వాగు గట్టు ఎక్కినప్పుడు అంత యాతన ఎందుకు పడ్డాడో అర్థమయింది, కాబట్టి వేరే దారిన చుట్టు తిరిగి వచ్చినా నష్టం లేదు. ఆకులు లేని గరప నేల మీద మాత్రం డ్రమ్ము కిర్రుమని పట్టీసింది.

దిగుడులో వెనక తాడు పట్టుకోమని రెండో కుర్రోడికి చెప్పాను, వాడు ఫోను చూస్తున్నాడు. డ్రమ్ము వెళ్ళి జిమ్ము కుర్రోడి మడమల్ని కొట్టింది. రిటర్నీ గారూ మీరు చెప్పినట్టే జరిగింది, అక్షరం పొల్లు పోకుండా.

చివర్లో బండి. సిమెంటు కొట్టువాడి బస్తాల ట్రాలీ అడిగి తెచ్చాను, చిన్న చక్రాలు. బాట మీద కాటా పది కూడా చూపించలేదు, చిటికెన వేలితో లాగచ్చు. బాట దిగి తోటలోకి పోగానే మొదటి వేరు దగ్గర ఆగిపోయింది, ఇంక కదల్లేదు. ఆటోనగర్ తమ్ముడు చెప్పిన పెద్ద చక్రం ఉంటే కొంత నయమేమో గానీ పడిపోయిన మానులు ఏ చక్రమూ ఎక్కదు.

కాబట్టి తేలింది ఏటంటే బాట దాకా స్లెడ్డు, బాట మీద బండి. రెండూ కొనాలా ఒకటే కొనాలా అని రాత్రి వాడికి ఫోన్ చేసాను. మాటల్లో రిటర్నీ గారి ప్రశ్న గుర్తొచ్చి, ఒరే ఆ ముసలాయనకి ఏటీవీ గానీ ఉందేట్రా అని అడిగాను. ఉందంట. షెడ్డులో ఉంటదంట. వీడు చూసాడంట కూడా. మరి అడగలేదేట్రా అంటే, "ఊరికే వేటకి రానిస్తున్నాడు, మళ్ళీ బండి కూడా అడిగితే ఏం బాగుంటుంది నాన్నా" అంట. నాలుగు గంటలు, ఒక నడుం, వారం రోజుల సెలవు, వాళ్ళమ్మకి ఒక అబద్ధం, ఇన్ని పోగొట్టుకున్నాడు మొహమాటానికి. నాకు కోపమూ వచ్చింది, మా పెంపకమే అని నవ్వూ వచ్చింది.

ఎంవీపీ రిటర్నీ:

హహహ ఇది మాత్రం మన తెలుగోళ్ళ రోగం. అక్కడ పద్ధతి ఏంటంటే సీజన్‌కి ముందే వెళ్ళి, జింక పడితే మీకు ఫోన్ చెయ్యొచ్చా అని అడగాలి, చాలామంది సంతోషంగా వస్తారు, వాళ్ళకీ అదో సరదా. ఆయన రాలేకపోతే పర్లేదు అంటాడు, అక్కడితో అయిపోయింది. బదులుగా మాంసంలో ఒక కాలో, నడుం పక్క మెత్తటి ముక్కో పట్టుకెళ్ళి ఇవ్వాలి. విస్కాన్సిన్‌లో 2002 నుంచి జింకలకి ఒక మెదడు జబ్బు కనపడుతోంది, టెస్టుకి ఇచ్చి రిపోర్టు వచ్చాక పంచమనండి, వెన్నుపూసా మెదడూ ముట్టుకోకుండా కొయ్యాలి, చేతికి గ్లవుజులు.

ఏటీవీ ఉందంటే ఇంక బండి కొనొద్దు. ఏటీవీ కూడా చెట్ల మధ్యకి రాదు, బాట దాకానే వస్తుంది, కాబట్టి పడిన చోటు నుంచి బాట దాకా స్లెడ్డు, స్లెడ్డుని అలాగే వెనక తగిలించుకుని పోవచ్చు, మెల్లగా. స్లెడ్డు, భుజం పట్టీ, మంచి తాడు రెండు, నారింజ గుడ్డ, తలకి పెట్టుకునే లైటు. అన్నీ కలిపి 150 లోపే అయిపోతుంది.

గాజువాక రిటైర్డు:

అలాగే. తాడు మాత్రం నేనే ఇక్కడినుంచి తీసుకెళ్తాను, బొటనవేలు లావుది, వన్‌టౌన్‌లో పడవల తాళ్ళు అమ్మే కొట్టులో చూసి పెట్టాను, రెండూ కలిపి కిలో కూడా ఉండవు. ముడులు వీడికి నేను నేర్పుతాను, ఆ పని ఒక్కటీ నాకు వదిలేయండి.

ముసలాయనకి ఏమివ్వాలి అంటే మా ఆవిడ మాడుగుల హల్వా అంది. రెండు కిలోలు అనుకున్నాం, ఇప్పుడు మూడు. జింక పడినా పడకపోయినా మేము దిగిన వారంలోనే వెళ్ళి ఇచ్చి, వీడి చేత నోరు విప్పించి బండి మాట అడిగిస్తాను, పక్కనే నిలబడి మరీ.

పాడేరు దారి:

పిన్ని బాగానే ఉంది బాబాయ్. పాపకి ఇప్పుడు ఆరేళ్ళు.